కాయిదం పట్టని మిషన్

ముందే చెప్పేస్తున్నాను, ఇది గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నది. ముప్పై ఏళ్లుగా సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నాను. వరండాలో నా చెప్పుల చప్పుడు వినిపిస్తే పదో తరగతి పిల్లలు నోళ్లు మూసుకుంటారు. అలాంటిదాన్ని, యాభై దాటాక సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్చుకుని, వేళ్లు కాల్చుకుని, ఎప్పుడో మూలపడిన ఒక కంప్యూటర్‌కు ప్రాణం పోశాను. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఈ మాట నలుగురికీ చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ కంప్యూటర్ మా ఇంటికి వచ్చినప్పుడు అది కంప్యూటర్ అని ఎవరికీ తెలియదు. తెచ్చిన మా బాపుకు, అంటే మా నాన్నకు కూడా తెలియదు.

మాది మెట్‌పల్లి పక్కన ఒక పల్లె. మా వాడకట్టులో గల్ఫ్‌కు పోని మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాపు నా చిన్నప్పుడే గల్ఫ్‌కు పోయాడు. ఎడారిలో రోడ్లు వేసే పని. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చి, రెండు నెలలుండి, మళ్లీ పోయేవాడు. నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో నాకు టైపు పిచ్చి పట్టుకుంది. మా మేనమామ, అంటే నన్ను కన్న అవ్వ తమ్ముడు, మెట్‌పల్లిలో తహసీల్ ఆఫీసులో టైపిస్టు. తెల్ల చొక్కా వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, వేళ్లతో వాన కురిపించేవాడు. "టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసైతే నీకు నౌకరి పక్కా బిడ్డా" అనేవాడు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగు మిషన్లు, వాటికి వంద మంది. నా వంతు వచ్చేసరికి రిబ్బన్ అరిగిపోయి, ఏ అక్షరం కొట్టినా కాగితం మీద గీరినట్లు తప్ప ఏమీ కనిపించేది కాదు. అందుకని బాపుకు ఉత్తరం రాశాను. వచ్చేటప్పుడు నాకొక టైపు మిషన్ తెమ్మన్నాను. బాపుకు చదువు రాదు. క్యాంపులో ఎవరో చదివి వినిపించి ఉంటారు.

అది కొన్న ముచ్చట బాపే తర్వాత చెప్పాడు. శుక్రవారం సెలవు రోజు బజారుకు పోయి, పెద్ద దుకాణంలోకి వెళ్లి, గల్లా బల్ల మీద పది వేళ్లూ పెట్టి టకటకలాడించి చూపించాడట. దుకాణదారుకు వెంటనే అర్థమైపోయింది. లోపలికి పోయి కొత్త పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. మీటలు ఉన్నాయి, మీటల మీద అక్షరాలు ఉన్నాయి. ఇంకేం కావాలి? బాపు రెండు మీటలు నొక్కి చూసి, మెత్తగా పడుతున్నాయని సంతోషపడి కొనేశాడు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టె ఇప్పడమంటే మా దగ్గర అదొక పండగ. బీరువా అంత అట్టపెట్టె, దాని చుట్టూ నీలం ప్లాస్టిక్ తాడు, నాలుగు వైపులా నల్ల రంగుతో మనిషి పేరు, ఊరు పేరు. వచ్చిన రోజే ఇప్పరు. చుట్టాలందరికీ కబురు పోవాలి, మర్నాడు అందరూ వచ్చి వాకిట్లో కూర్చోవాలి, అప్పుడు తాడు కోస్తారు. ఎవరికి ఏం తెచ్చాడో అందరూ చూస్తుండగా ఇవ్వాలి. ఆ రోజు కూడా అలాగే జరిగింది. సబ్బులు, సెంటు సీసాలు, తలనొప్పి బామ్, లుంగీలు, టార్చిలైట్లు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. అందరి వంతూ అయ్యాక బాపు రెండు రగ్గుల మధ్య నుంచి ఒక నల్లటి మిషన్‌ను, పసిపాపను ఎత్తినట్టు, రెండు చేతులతో ఎత్తాడు.

"ఇది నా బిడ్డకు" అన్నాడు.

టైపు గురించి తెలిసినవాడు వాకిట్లో మామ ఒక్కడే. కాబట్టి అందరూ పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చారు. మామ చొక్కా చేతులు పైకి మడిచి, మిషన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పైన చూశాడు, వెనక చూశాడు, తిప్పి అడుగున చూశాడు.

"బావా, కాయిదం ఏడ ఎక్కియ్యాలె?"

జవాబు కోసం ఆగకుండా మామ మళ్లీ తిప్పి చూశాడు.

"రోలర్ లేదు, రిబ్బన్ లేదు. ఉత్త మీటలున్నయ్. ఆ మీటల మీద గీ ఉరుదు అక్షరాలేంది? గిది కాయిదం పట్టని మిషన్ బావా!"

వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. బాపు కూడా నవ్వాడు. నవ్వుతూనే భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "అది గాదు, జర ఆగుండ్రి" అని ఏదో చెప్పబోయాడు కానీ ఎవరూ ఆగలేదు. అందరికంటే ఎక్కువ తప్పు చేసింది నేను. నవ్వితే నవ్వాను అనుకోవచ్చు. నేను ఏడుపు మొహం పెట్టి, అంత మందిలో, "సదువు రాకపోతే ఎవరినన్న అడిగి కొనాలె గదా బాపూ! నాకద్దు గిది" అన్నాను.

బాపు మొహంలో నవ్వు ఆగిపోయింది. చెప్పబోయిన మాట చెప్పనే లేదు. "సరే బిడ్డా, ఈసారి మంచిది తెస్త" అని మిషన్‌ను మళ్లీ రగ్గులో చుట్టేశాడు.

ఆ రగ్గుతో సహా అది రేకు పెట్టెలోకి, రేకు పెట్టె సజ్జ మీదికి వెళ్లిపోయాయి. మాట మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. బాపు సైకిల్ కొన్నా, మోటారు కొన్నా, "మంచిగ సూసినవా? కాయిదం పడుతదా?" అని అడిగేవారు. నా పెళ్లిలో కూడా మామ, అల్లుడి కాళ్లు కడుగుతున్న బాపు చెవి దగ్గరికి వంగి, "బావా, పిలగాని మంచిగ సూసినవా? కాయిదం పడుతదా?" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. మామ చెడ్డవాడేమీ కాదు, మేమంటే ప్రాణం పెడతాడు. ఒక నవ్వులాట దొరికితే మాత్రం చచ్చినా వదలడు.

నేనేమో ఆ అరిగిన రిబ్బన్ల మీదే లోయర్ పాసయ్యాను, తర్వాత డిగ్రీ చదివాను, పంతులమ్మనయ్యాను. ఆ టైపు నాకు ఒక్కరోజు కూడా పనికి రాలేదు.

మూడేళ్ల కింద అవ్వనూ బాపునూ కరీంనగర్‌లో మా ఇంటికి తీసుకొచ్చేశాం. సామాన్లతో పాటు ఆ రేకు పెట్టె కూడా వచ్చింది. మేడ మీద గదిలో పెట్టించి, ఒక ఆదివారం ఏముందోనని తెరిచాను. రగ్గు మడతలు ఇప్పేసరికి నల్లటి మిషన్, అరబ్బీ అక్షరాల మీటలు. వెనక తిప్పి చూశాను. టీవీ వైరు పెట్టుకునే చోటు, టేప్ రికార్డర్ పెట్టుకునే చోటు, ప్రింటర్‌కు ఒక పెద్ద సాకెట్. బడిలో కంప్యూటర్ గది తాళాలు నా దగ్గరే ఉంటాయి, ఆమాత్రం నాకు తెలుసు.

కంప్యూటర్! మా మండలంలో ఏ బడిలోనూ, ఏ ఆఫీసులోనూ, ఏ ఆసామి ఇంట్లోనూ లేని రోజుల్లో మా బాపు కంప్యూటర్ తెచ్చాడు. చదువు రాని మా బాపు తెచ్చాడు. దాన్ని మేమంతా వాకిట్లో కూర్చుని, కాగితం పట్టలేదని నవ్వాం. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ వెంటనే గర్వంతో ఒళ్లు ఉప్పొంగింది. రెండూ ఒకేసారి అయ్యాయి, ఏది ఎక్కువో చెప్పలేను.

అప్పటికప్పుడు ఒక పంతం పట్టాను. ఈ మిషన్ కాగితం పట్టాలి. దాని మీద తెలుగు అక్షరం పడాలి. అది మామ కళ్ల ముందు జరగాలి, ఆ కాగితం బాపు చేతిలో పెట్టాలి. ఆ రోజు నేను అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి నాకు ఇంకో దారి తోచలేదు. బాపుకు అప్పటికే ఎనభై దగ్గర పడుతున్నాయి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

బాపుకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కడు. కాబట్టి మేడ మీద గదిలో ఏం చేసినా తెలియదు. బడి పని అని చెప్పాను. అవ్వకు మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె గడపలో నిలబడి చూసి, "ముసలితనంల గీ పాత ముల్లెలిప్పి సూసుడేందే నీకు" అని, నవ్వు ఆపుకుంటూ కిందికి దిగిపోయింది.

మొదటి పని కరెంటు. వెనక మూత ఇప్పితే లోపల బల్లి గుడ్లు, చీమలు చేర్చిన మట్టి. కెపాసిటర్లు నాలుగు ఉబ్బి, కింద జిగురు కార్చాయి. అవే కొలతలవి కావాలని టవర్ సర్కిల్ దగ్గర ఒక రేడియో సామాన్ల దుకాణానికి పోయాను. దుకాణాయన చీటీ చదివి, "మేడమ్, మీ బాబుకు ప్రాజెక్టా?" అన్నాడు.

"నాకే" అన్నాను.

ఆయన నన్నూ, నా జరీ అంచు చీరనూ, చేతిలోని కూరగాయల సంచినీ ఎగాదిగా చూశాడు. "గట్లనా మేడమ్! అయితే సోల్డరింగ్ ఎవరు చేస్తరు?"

"నేనే."

"కాలుతది మేడమ్, జర భద్రం" అన్నాడు. నాకు ముక్కు మీదే కోపం. ఇంటికి వచ్చి, వీడియోలు చూసి, పాడైపోయిన ఒక రేడియో మీద వారం రోజులు అతికించడం, ఊడదీయడం నేర్చుకున్నాను. ఆయన అన్నట్టే కాలింది. రెండు వేళ్లకు బొబ్బలతో బోర్డు మీద లెక్కలు రాశాను. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

కెపాసిటర్లు మార్చి, మా ఇంట్లో పడి ఉన్న డబ్బా టీవీకి తగిలించి, స్విచ్ వేసిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. మొదట తెర మీద చీమల్లా చుక్కలు. తర్వాత నీలం రంగు. ఆ నీలం మీద కుడి వైపు నుంచి, వరసగా, అరబ్బీ అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. సగం మీటలు పనిచేయలేదు. ఒక్కొక్కటీ ఊడదీసి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాను. మూడు ఆదివారాలకు అన్నీ పలికాయి.

ఇక కాగితం. ఆ కంప్యూటర్‌కు సరిపోయే ఆ కాలపు ప్రింటర్ ఎక్కడా దొరకలేదు. దొరికేవి దుకాణాల్లో బిల్లులు కొట్టే చిన్న ప్రింటర్లు. పాత మిషన్ చెప్పేది కొత్త ప్రింటర్‌కు అర్థం కాదు. రెండింటి మధ్య ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే మైక్రోకంట్రోలర్. అగ్గిపెట్టె అంత బోర్డు మీద వేలిగోరంత చిప్పు. దానికి ఒక్క పని నేర్పితే చాలు, వైరు పీకేదాకా అదే పని చేస్తూ ఉంటుంది. మా బడి బెల్లు కొట్టే అటెండరు కూడా అంతే, కాకపోతే ఇది టైముకు చేస్తుంది.

మొదటి బోర్డు కాల్చేశాను. రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు పెట్టాను. చిన్న చప్పుడు, తెల్లటి పొగ. వాసన కిందికి పోయినట్టుంది, అవ్వ మెట్ల దగ్గర నుంచే కేకేసింది. "ఏం మాడవెట్టినవే?"

"ఏం లేదే అవ్వా!"

"ఏం లేకుంటే గా పొగేంది?"

రెండు వారాలు ఆ గది వైపు పోలేదు. బడిలో పిల్లలు తప్పు లెక్క చేస్తే ఎందుకు తప్పు పోయిందో రాసి చూపించమని నేనే అంటాను. మరి నాకెందుకు అంత రోషం? సిగ్గు తెచ్చుకుని, కాగితం మీద వైర్లన్నీ బొమ్మ గీసి, రంగులు రాసుకుని, ఇంకో బోర్డు తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కాలలేదు.

తెలుగు అక్షరాలు నన్ను ఏడిపించాయి. ఇంగ్లిష్ అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలు చాలు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. గళ్ల నోటుపుస్తకం తీసుకుని, ఒక్కో గడిలో చుక్క పెడుతూ, అక్షరాలన్నీ నేనే గీసి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. 'క్ష' దగ్గర రెండు రోజులు పట్టింది. 'స్త్రీ' దగ్గర విసిగిపోయి, ఈ మాట లేకుండానే రాసుకుందాంలే అనుకుని, నేనూ స్త్రీనే కదా అని మళ్లీ కూర్చున్నాను. వత్తులు తెగిపోకుండా ఉండాలని, అక్షరాలను అక్షరాలుగా ప్రింటర్‌కు పంపడం మానేసి, తెర మీద ఉన్న చుక్కలన్నిటినీ ఒక బొమ్మలాగా పంపేట్టు ప్రోగ్రాం రాశాను. తెర మీద ఏది కనిపిస్తే కాగితం మీద అదే పడుతుంది. ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. చెప్పాను కదా, గొప్పలు చెప్పుకోవడానికే రాస్తున్నానని.

చివరి పని మీటల మీద తెలుగు అక్షరాలు. తెల్ల స్టిక్కర్ కాగితం మీద అందంగా రాసి, కత్తిరించి, ఒక్కో మీట మీద అతికించాను. అరబ్బీ అక్షరాలన్నీ వాటి కిందికి పోయాయి. మిషన్ కొత్త పెళ్లికూతురిలా కళకళలాడింది. నాకు ఎంత ముచ్చటేసిందంటే, కిందికి పోతూ పోతూ మళ్లీ వెనక్కి వచ్చి చూసుకున్నాను.

ఆ ఆదివారం మామను భోజనానికి పిలిచాను. మామకు కూడా డెబ్బై దాటాయి, కర్ర పట్టుకుని వచ్చాడు. మటన్ కూర, జొన్న రొట్టెలు తిన్నాక, హాల్లో టీవీ ముందు గుడ్డ కప్పి పెట్టిన మిషన్ దగ్గరికి అందరినీ కూర్చోబెట్టాను. బాపును ముందు కుర్చీలో, మామను పక్కన. గుడ్డ తీశాను.

మామ వెంటనే గుర్తుపట్టాడు. "ఓరి, కాయిదం పట్టని మిషన్!" అన్నాడు.

"ఆగు మామా" అన్నాను. స్విచ్ వేశాను. తెర వెలిగింది. నేను అతికించుకున్న మీటల మీద బాపు పూర్తి పేరు, ఊరు పేరు కొట్టాను. తెర మీద తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రింట్ మీట నొక్కాను. పక్కనున్న చిన్న ప్రింటర్ గురగురమని, నాలుక చాపినట్టు తెల్ల కాగితం బయటికి నెట్టింది. బాపు పేరు, గుడులతో, వత్తులతో, ఎక్కడా తెగకుండా.

మామ ఆ కాగితం చివర పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని చదివాడు. "పట్టింది బావా! కాయిదం పట్టింది! ఏమో అనుకున్న గని మా బిడ్డ సైంటిస్టే!" అని కర్రతో నేలను కొట్టాడు. అవ్వ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఆ క్షణంలో ఎంత గర్వమంటే, రాష్ట్రం మొత్తానికీ ఉత్తమ టీచర్ శాలువా కప్పినా అంత ఉండదు. కాగితం చింపి బాపు చేతిలో పెట్టాను.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా వైపు చూసి నవ్వి, మెల్లగా అన్నాడు.

"మంచిగుంది బిడ్డా. గిండ్ల ఏమున్నది?"

చదువు రాని మనిషి చేతిలో, ఆరు నెలలు కష్టపడి, తెలుగు కాగితం పెట్టాను. అక్షరాలు ఎలా గీయాలా అని ఆలోచించాను, వత్తులు ఎలా నిలపాలా అని ఆలోచించాను, ఆ కాగితం ఎవరు చదవాలో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"నీ పేరు బాపూ" అన్నాను.

"అట్లనా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, మిషన్ మీదికి వంగాడు. వేలితో మీటలను ఒక్కొక్కటీ తడిమాడు. దేనికోసమో వెతుకుతున్నాడు.

"గీడ అక్షరాలుండె గదా బిడ్డా. ఏడ పోయినయ్?"

"ఏ అక్షరాలు?"

"అరబ్బీయి. నాకు గవే వస్తయి."

మామ కర్ర పక్కన పెట్టాడు.

బాపు చాలా మామూలుగా, పొలం ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. ఈ మిషన్ కొన్నాక ఇంటికి రావడానికి ఇంకా మూడు నెలలుందట. క్యాంపులో మంచం కింద పెట్టుకున్నాడట. వాళ్ల గదిలో సూడాన్ నుంచి వచ్చిన ఒక ట్యాంకర్ డ్రైవర్ ఉండేవాడు. ఆయన ఈ మీటలు చూసి, బాపు వేలు పట్టుకుని, దినానికి ఒక అక్షరం చెప్పాడట. "బోర్డుల మీద అక్షరాలు ఒకదానికొకటి అంటుకోనుంటయి బిడ్డా, ఏది ఏడికెల్లి మొదలైతదో తెల్వది. గీ మిషన్ మీద దేనికదే ఉన్నది. ఇస్కూలు పలకలెక్క. కరెంటు వెట్టకుండనే నేర్సుకున్న. పెట్టె ఇప్పినప్పుడు మీకు అందరికి సూపెడుదామనుకున్న."

"మరి ఆనాడు చెప్పకపోతివి బావా?" అన్నాడు మామ.

"మీరు నవ్వుడు ఆపితే గదనయ్యా చెప్పేది" అన్నాడు బాపు. అందులో కోపం ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది. నవ్వు ఆగాక నేను అన్న మాట ఏమిటో నాకు తెలుసు. దాని గురించి ఆయన ఒక్క ముక్క కూడా అనలేదు.

నేను ఏడుస్తూనే స్టిక్కర్లు పీకడం మొదలుపెట్టాను. గోళ్లతో గీరాను, అవ్వ కొబ్బరి నూనె తెచ్చి ఇచ్చింది, మామ గుడ్డతో తుడిచాడు. ముసలాయన ఒకరు, రేపో మాపో రిటైరయ్యేదాన్ని నేను, నేల మీద కూర్చుని, మేం అతికించిన, మేం కప్పేసిన దాన్ని మేమే ఊడదీశాం. కొత్త పెళ్లికూతురి అలంకారం అంతా పావుగంటలో పోయింది. కింద అరబ్బీ అక్షరాలు ఒక్కటీ చెదరలేదు. కంప్యూటర్‌ను ఆపి, నా తెలుగు తీసేసి, దాని భాషలోనే మళ్లీ మొదలుపెట్టాను. ప్రింట్ చేసే ప్రోగ్రాం ఒక్కటి ఎక్కించాను.

బాపు కుడి చేతి చూపుడు వేలు చాపాడు. ఆ వేలు కొంచెం వంకర, గునపం పట్టీ పట్టీ అలా అయింది.

"గిది మీమ్" అని ఒక మీట నొక్కాడు. "గిది తా." కాసేపు వెతికి, "అలిఫ్. గిది రా."

నాలుగు అక్షరాలు. తెర మీద కుడి అంచు నుంచి బయల్దేరాయి. విడివిడిగా నొక్కినవాటిలో మొదటి మూడూ అక్కడికి పోయాక చేతులు పట్టుకున్నట్టు కలిశాయి. ప్రింట్ మీట నేను చూపించాను, బాపే నొక్కాడు. నేను వత్తుల కోసం కనిపెట్టిన ఆ బొమ్మ ఉపాయానికి ఏ భాషైనా ఒకటే. కాగితం మీద అరబ్బీ మాట అచ్చంగా పడింది.

"ఏమున్నది బాపూ గిండ్ల?" ఈసారి అడిగింది నేను.

"మతార్. అంటే ఎయిర్‌పోర్టు. సైటు కాడికి లారీల నిలవడి పొయ్యేటోళ్లం. తొవ్వల గీ బోర్డు దినాం కనవడేది. ఇంటికి పొయ్యే తొవ్వ గదే అని సూడానోడు చెప్పిండు. అందుకే ముందుగాల గిదే నేర్సుకున్న."

మామ చేయి చాపి బాపు మోకాలి మీద పెట్టాడు. పరాచికం ఆడలేదు.

ఆ రోజు నుంచి మిషన్ హాల్లోనే ఉంది. పొద్దున చాయ్ తాగాక బాపు దాని ముందు కూర్చుంటాడు. మొదట తన పేరు కొట్టాడు, తర్వాత ఊరి పేరు, అవ్వ పేరు, నా పేరు. ఆ బిల్లు కాగితాల చుట్టలు చూసి, పక్కన పెన్నుతో అలాగే రాయడం మొదలుపెట్టాడు. నిదానంగా రాస్తాడు కానీ గీత ఆగదు. మా బడిలో ఉర్దూ చెప్పే టీచర్‌కు చూపిస్తే, అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయంది. నేను ఆ చుట్టలను స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను. అడగని వాళ్లకు కూడా చూపించాను.

నెల రోజుల తర్వాత ఇంటింటి సర్వే అని ఒకాయన ఫారాలు పట్టుకుని వచ్చాడు. పేర్లు, వయసులు రాసుకున్నాడు. చదువు గడి దగ్గరికి వచ్చి, బాపు వైపు చూసి, అడగకుండానే 'లేదు' అని రాయబోయాడు.

"ఆగండి. చదువుతారు, రాస్తారు" అన్నాను.

"పెద్దాయన తెలుగు చదువుతడా మేడమ్?"

"తెలుగు కాదు, అరబ్బీ."

ఆయన నేను పరాచికం ఆడుతున్నాననుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. పదో తరగతి పిల్లల్ని చూసే చూపు చూశాను. ఆయన తల దించుకుని, 'చదవడం, రాయడం వచ్చు' అని రాశాడు. ఫారం నింపడం అయ్యాక, ఇంటి పెద్ద కింద సంతకం పెట్టాలంటూ, అలవాటు కొద్దీ సంచిలోంచి సిరా పెట్టె తీసి, మూత తెరిచి, బాపు బొటనవేలి కోసం చేయి చాపాడు.

బాపు ఆ సిరా పెట్టెను చూశాడు. మెల్లగా దాని మూత మూసి, ఆయన వైపే జరిపాడు. జేబులోంచి పెన్ను తీసి, ఫారాన్ని తన ముందుకు లాక్కుని, కుడి చివర నుంచి మొదలుపెట్టాడు.